పైపిచ్ పత్లా హై, సాబ్!

మన ఇళ్లలో ఇంజినీరింగ్ అంటే ఇప్పుడు ఒకటే మాట: కంప్యూటర్. కౌన్సెలింగ్ రోజులొస్తే చాలు, బస్తీలో ఏ చాయ్ హోటల్ దగ్గర చూసినా అదే బహస్. "సీఎస్ఈ మిలా క్యా?" దొరికితే ముబారక్‌బాద్‌లు, మిఠాయిలు. దొరకక మెకానికలో సివిలో వచ్చిందంటే మయ్యత్ ఇంటికి వచ్చినట్టు పలకరింపులు. ఆ మెకానికల్ సీటు ఆడపిల్లకు వస్తే ఫికర్ రెట్టింపు. "లడ్కీ హై, రెంచీ పట్టుకుంటుందా?" అని ఫూఫీలు, ఖాలాలు అందరూ అడిగేవాళ్లే.

పద్దెనిమిదేళ్లుగా ఇంజినీరింగ్ పిల్లలకు థర్మోడైనమిక్స్, ఫ్లూయిడ్ మెకానిక్స్ చెప్పడం నా రోజీ. ఒకటి వేడి గురించిన ఇల్మ్, ఇంకొకటి పారేవాటి గురించిన ఇల్మ్. రెండూ రెండో సంవత్సరంలో ఎదురవుతాయి. నా క్లాసులో చూసినంతవరకు చాలామందికి మొదటి బ్యాక్‌లాగ్ వీటిలోనే పడుతుంది. పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలోనో తెలుగు మీడియంలోనో చదివి వచ్చిన మన పిల్లలైతే మొదటి యూనిట్‌కే కుంగిపోతారు. "సర్, దిమాగ్‌లోకి ఎక్కడం లేదు" అంటారు.

నాకు తాజ్జుబ్ కలిగించేది ఇదే. ప్లంబర్లు, ఏసీ మెకానిక్‌లు, రేడియేటర్ రిపేర్ చేసేవాళ్లు, పంక్చర్ దుకాణాల భాయీలు, షాదీల్లో దేగ్ దించే బావర్చీలు, సౌదీ, ఖతర్ వెళ్లి చిల్లర్ ప్లాంట్లు నడిపే మన చాచాలు, మామూలు... వీళ్లంతా పొద్దున లేస్తే చేసే పని ఈ రెండు సబ్జెక్టులే. అబ్బాలు చేతులతో పాసైన సబ్జెక్టులో బచ్చాలు పెన్నుతో ఫెయిలవుతున్నారు. ఇది పిల్లల దిమాగ్‌లో లోపం అనుకోను. చేతి హునర్‌కీ కితాబ్‌కీ మధ్య ఎవరూ తలుపు తీయలేదు, అంతే.

కిందటేడు ఒక పిల్ల నా గదికి వచ్చింది. పేరు వద్దు, ఆమె గుట్టు ఆమెది. ఈ రెండు పేపర్లూ పోయాయి. ఇంట్లో ఒక రిష్తా వచ్చి ఉంది. "ఇంకోసారి ఫెయిలైతే చదువు బంద్" అని పెద్దవాళ్లు ఖరారు చేసేశారు. కాలేజీ ఫారంలో తండ్రి వృత్తి దగ్గర 'బిజినెస్' అని రాసి ఉంది. ఆయన బిజినెస్ ఏమిటో నాకు తెలుసు. మా ఇంటి మోటారు పైపు బిగించింది ఆయనే. మహబూబ్‌నగర్‌లో మా బస్తీ మొత్తానికి ఆయనే ప్లంబర్. ఆ సంగతి నేను ఆమెతో అనలేదు. "బేటా, రేపటి నుంచి కితాబ్ తర్వాత తెరుద్దాం, ముందు మాటలు తెలుసుకుందాం" అన్నాను.

మాటల దగ్గరే సగం చిక్కు ఉంటుంది. హీట్ వేరు, టెంపరేచర్ వేరు అని మొదటి పేజీలోనే ఉంటుంది. పిల్లలు రెండింటినీ 'వేడి' అని చదువుకుని అక్కడే జారిపోతారు. ఉర్దూ ఈ విషయంలో చాలా సాఫ్‌గా ఉంది. హీట్ అంటే హరారత్. టెంపరేచర్ అంటే దర్జా-ఎ-హరారత్, అంటే హరారత్ ఏ మెట్టు మీద ఉందో చెప్పే లెక్క. చాయ్ కప్పులో ఉన్న నీళ్లు, దేగ్‌లో ఉన్న నీళ్లు రెండూ 80 డిగ్రీలే ఉండొచ్చు. దర్జా ఒకటే. కానీ ఆ రెండూ చల్లారేలోపు బయటికి వదిలే హరారత్ ఒకటి కాదు. దేగ్ పక్కన కూర్చుంటే చలికాలం రాత్రి గడిచిపోతుంది, కప్పు పక్కన కూర్చుంటే గడవదు. ఈ మాటలు మనకు కొత్తగా పుట్టినవి కావు. ఉస్మానియా యూనివర్సిటీ 1918లో మొదలైనప్పుడు చదువు ఉర్దూలోనే. అంతకు ఒక ఏడాది ముందే దారుల్ తర్జుమా పెట్టి సైన్సు పుస్తకాలు ఉర్దూలోకి తెచ్చే పని మొదలుపెట్టారు. మన నానా, దాదాల కాలంలో హైదరాబాద్‌లో ఫిజిక్స్ ఉర్దూలో నడిచింది. పరీక్ష ఇంగ్లీషులో రాయండి, తప్పదు. కానీ అర్థం చేసుకోవడానికి ఇంటి జబాన్ వాడుకుంటే గునాహ్ ఏమీ కాదు.

తర్వాత దహ్లీజ్. థర్మోడైనమిక్స్‌లో ప్రతి లెక్కా ఒక గీతతో మొదలవుతుంది. ఏ వస్తువు గురించి మాట్లాడుతున్నామో దాని చుట్టూ ఒక హద్దు గీయాలి. లోపల ఉన్నది సిస్టమ్, బయట ఉన్నది దాని పరిసరాలు. నేను ఆ హద్దును దహ్లీజ్ అని చెబుతాను. నెల మొదట్లో తన్‌ఖా దహ్లీజ్ దాటి ఇంట్లోకి వస్తుంది. కిరాయి, కిరాణా, కరెంటు బిల్లు దహ్లీజ్ దాటి బయటికి పోతాయి. మిగిలింది సందూక్‌లో పడుతుంది. వచ్చింది క్యూ, పోయింది డబ్ల్యూ, సందూక్‌లో మార్పు డెల్టా యూ. క్యూ లోంచి డబ్ల్యూ తీసేస్తే డెల్టా యూ. ఫస్ట్ లా అంటే ఇంతే, మహీనా హిసాబ్. ఇందులో ఒక బారీక్ సంగతి ఉంది. తన్‌ఖా అనే పేరు గడప దాటి లోపలికి వచ్చేటప్పుడే. సందూక్‌లో పడ్డాక అది తన్‌ఖా కాదు, పైసా. అలాగే హీట్, వర్క్ అనే పేర్లు హద్దు దాటుతున్నప్పుడే చెల్లుతాయి. లోపలికి వచ్చాక అది సిస్టమ్‌లో ఉండే ఎనర్జీ, అంతే. "గ్యాసులో ఎంత హీట్ ఉంది?" అనే ప్రశ్నే తప్పు. ఈ ఒక్క మాట పట్టుకున్న పిల్లలు రెండు మార్కుల ప్రశ్నల్లో ఇక తడబడరు.

సెకండ్ లా మాత్రం నాకు కాలేజీ కంటే ముందే మా మామూ నేర్పాడు. ఇరవై రెండేళ్లు దమ్మామ్‌లో ఏసీలు బాగుచేసి వచ్చాడు. చదువు ఎనిమిదో తరగతి. ఎవరైనా "భాయ్, ఏసీ థండక్ సరిగ్గా ఇవ్వడం లేదు" అంటే నవ్వేవాడు. "ఏసీ థండక్ దేతాచ్ నై. గర్మీ బాహర్ ఫేక్తా." ఏసీ చల్లదనాన్ని తయారు చేయదు, గదిలో ఉన్న గర్మీని ఎత్తి బయట పారేస్తుంది. అందుకే బయట పెట్టిన యూనిట్ దగ్గర నిలబడితే మొహం కాలుతుంది. వేడి తనంతట తాను వేడి ఉన్న చోటు నుంచి చల్లటి చోటుకే పోతుంది. చల్లటి గది నుంచి మండే ఎండలోకి దాన్ని పంపాలంటే ఎవరో ఒకరు మెహనత్ చేయాలి, ఆ మెహనత్‌కి కరెంటు కట్టాలి. క్లాజియస్ పేరుతో పుస్తకంలో ఉన్న వాక్యం ఇదే.

ఏసీ కొనేటప్పుడు ఒకటిన్నర టన్ను అంటాం. ఏ టన్ను అది? యంత్రం బరువు కాదు. అమెరికా లెక్కలో టన్ను అంటే 2,000 పౌండ్లు, దాదాపు 907 కిలోలు. అంత బరఫ్‌ని 24 గంటల్లో కరిగించే హరారత్ ఎంతో, అంత తీసేసే తాకత్‌ని ఒక టన్ను అన్నారు. బరఫ్ దిమ్మెలతో గదులు చల్లబరిచిన జమానా నుంచి మిగిలిపోయిన మాట అది. కిలోవాట్లలో 3.517. ఒకటిన్నర టన్ను ఏసీ గది నుంచి సుమారు 5.3 కిలోవాట్ల గర్మీని బయటికి తోస్తుంది. తినే కరెంటు మాత్రం ఒకటిన్నర కిలోవాట్ల చుట్టుపక్కల. ఒక రూపాయి కూలీకి మూడున్నర రూపాయల సామాను మోసే హమాలీ అన్నమాట. పుస్తకంలో దీన్ని సీఓపీ అంటారు. ఫస్ట్ లా ఇక్కడ ఓడిపోలేదు, ఎందుకంటే ఏసీ గర్మీని పుట్టించడం లేదు, మోస్తోంది. మామూ ఇంకో మాట కూడా చెప్పేవాడు, ఇది ఇల్లు నడిపేవాళ్లకు పనికొస్తుంది. ఏసీలో గ్యాస్ పెట్రోలులాగా ఖర్చయ్యేది కాదు, మూసిన గొట్టంలో చుట్టూ తిరుగుతూ ఉంటుంది. ప్రతి ఎండాకాలం గ్యాస్ నింపాలి అన్నాడంటే ఎక్కడో లీకేజీ ఉంది. ముందు లీకేజీ మూయమనండి.

ఫస్ట్ లా హిసాబ్ చెబుతుంది, సెకండ్ లా దారి చెబుతుంది. అత్తరు సీసా మూత తీసి పెడితే ఇల్లంతా ఖుష్బూ. ఒక్క చుక్క కూడా లోకంలోంచి మాయమవలేదు, హిసాబ్ సరిగ్గానే ఉంది. అయినా ఆ ఖుష్బూ తనంతట తాను తిరిగి సీసాలోకి రాదు. వెనక్కి తిరగని ఈ తనాన్ని కొలవడానికి క్లాజియస్ 1865లో ఎంట్రోపీ అని పేరు పెట్టాడు. పిల్లలు ఈ మాటకు జిన్ను పేరు విన్నట్టు భయపడతారు. అత్తరు సీసా గుర్తు పెట్టుకుంటే సగం భయం పోతుంది.

అంతకు ముందే 1824లో సాదీ కార్నో అనే 28 ఏళ్ల ఫ్రెంచి కుర్రాడు ఒక చిన్న పుస్తకం రాశాడు. ఆవిరి యంత్రాలు ఎంత బాగా చేసినా వేడి మొత్తాన్ని పనిగా మార్చలేమని, దానికొక హద్దు ఉందని, ఆ హద్దు రెండు దర్జాల మీదే ఆధారపడుతుందని చెప్పాడు. ఎనిమిదేళ్ల తర్వాత కలరాతో చనిపోయాడు, వయసు 36. మన థర్మల్ స్టేషన్లలో ఆవిరి 540 డిగ్రీల దగ్గర టర్బైన్‌లోకి వెళ్లి, 40 డిగ్రీల దగ్గర మళ్లీ నీరవుతుందనుకోండి. కెల్విన్‌లో 813, 313. ఒకటి లోంచి 313 బై 813 తీసేస్తే 61 శాతం పైచిలుకు. అంతకు మించి ఎవడి తరమూ కాదు. నిజం యంత్రాల్లో రాపిడి, నష్టాలు పోగా 40 శాతం లోపే దక్కుతుంది. రామగుండం దగ్గర కూలింగ్ టవర్ల మీద తెల్లగా లేచేది పొగ అనుకుంటారు చాలామంది. అది నీటి ఆవిరి, సెకండ్ లా వసూలు చేసుకున్న ఖిరాజ్. సెల్సియస్ అంకెలు అలాగే పెట్టి లెక్క చేస్తే 92 శాతం పైన వస్తుంది, మార్కులు సున్నా. ప్రతి ఏడూ నా దగ్గర పది పేపర్లైనా అలా పోతాయి. ఆ పిల్ల మొదటి పేపరు కూడా అలాగే పోయింది.

వంటింటి సంగతి చెప్పకుండా హరారత్ కథ పూర్తికాదు. నీరు మరగడం మొదలయ్యాక మంట ఎంత పెంచినా దర్జా 100 దాటదు. పోసిన హరారత్ అంతా నీటిని ఆవిరి చేయడానికే పోతుంది, కిలోకి 2,257 కిలోజౌళ్లు. ఈ దాగిన హరారత్‌నే లేటెంట్ హీట్ అంటారు. బిర్యానీ దమ్‌లో పని చేసేది ఇదే. అడుగున గోష్త్ నుంచి లేచిన ఆవిరి సగం ఉడికిన చావల్ మీద చేరి మళ్లీ నీరవుతూ, దాచుకున్నదంతా గింజకు ఇచ్చేస్తుంది. పైమూత మీద నిప్పులు పెట్టేది మూత చల్లబడి ఆవిరి అక్కడే నీరుగా కారిపోకుండా. చాలామంది దమ్ అంటే ప్రెషర్ అనుకుంటారు, కాదు. కుక్కర్‌లో విజిల్ బరువు వల్ల లోపల బయటి గాలి కంటే ఇంచుమించు ఒక బార్ ఎక్కువ ఉంటుంది, నీరు 120 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఆటా పూసిన మూత అంత దబావ్ ఆపలేదు, ఏదో ఒక మూల నుంచి ఆవిరి లేస్తూనే ఉంటుంది. ఆటా చేసే పని ఆవిరినీ ఖుష్బూనీ పారిపోనివ్వకపోవడం, హరారత్ అన్ని మూలలకూ సమంగా చేరేదాకా సబర్ చేయించడం.

మట్కా దీనికి ఉల్టా. పది లీటర్ల నీరు ఒక డిగ్రీ చల్లబడాలంటే 42 కిలోజౌళ్లు బయటికి పోవాలి. కుండ పైన చెమ్మ ఒక గ్రాము ఆరితే సుమారు 2.4 కిలోజౌళ్లు పట్టుకుపోతుంది. అంటే 17, 18 గ్రాములు ఆరితే చాలు. పది డిగ్రీలు దించడానికి ఒక పెద్ద గ్లాసు నీళ్ల ఖర్చు. మా పాలమూరు ఎండలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి మట్కా నీళ్లు పళ్లు జివ్వుమనిపిస్తాయి. బందరులో ఉండే మా ఖాలా ఇంట్లో అదే మట్కా అంతంతమాత్రమే. సముద్రపు గాలిలో ముందే తేమ నిండి ఉంది, కొత్త ఆవిరికి చోటేదీ? వట్టివేళ్ల కూలర్ కథా ఇదే.

ఇది ఇంటి ముచ్చట మాత్రమే కాదు, జాన్ సంగతి. 2024 హజ్ సమయంలో మక్కాలో 51.8 డిగ్రీలు నమోదైంది. ఆ ఏడు 1,301 మంది చనిపోయారని సౌదీ ప్రభుత్వమే చెప్పింది. ఎక్కువమంది పర్మిట్ లేకుండా, నీడ దొరక్క, మండే ఎండలో చాలా దూరం నడిచినవాళ్లు. బయటి గాలి ఒంటికంటే వేడిగా ఉన్నప్పుడు హరారత్ గాలి నుంచి ఒంట్లోకే వస్తుంది. అప్పుడు మిగిలిన ఒకే దారి చెమట ఆరడం. నేల మీదికి కారిపోయిన చెమట చల్లబరచదు, ఒంటి మీద ఆరిందే చల్లబరుస్తుంది. నడిచే మనిషి ఒంట్లో పుట్టే వేడిని తీయడానికే గంటకు అర లీటరు దాకా చెమట ఆరాలి, ఎండ వేడి అదనం. అందుకే ఛత్రీ, నీళ్లు, మధ్యాహ్నం ఎండలో నడవకపోవడం. హజ్‌కి వెళ్లే అమ్మీ, అబ్బాలకు ఈ లెక్క ఒకసారి చెప్పి పంపండి.

ఇక పారేవాటి సంగతి. నీరు, గాలి, నూనె, ఏవైతే పారతాయో వాటన్నిటినీ ఉర్దూలో సయ్యాల్ అంటారు. ఊద్‌బత్తీ వెలిగించి గాలి తగలని చోట పెట్టండి. పొగ కొంతదూరం దారంలా నిటారుగా లేస్తుంది, తర్వాత ఉన్నట్టుండి చెదిరి మెలికలు తిరుగుతుంది. ఆ నిటారు దారం లామినార్, ఆ మెలికలు టర్బులెంట్. 1883లో మాంచెస్టర్‌లో ఆస్బర్న్ రేనాల్డ్స్ గాజు గొట్టంలో పారే నీటిలోకి రంగు వదిలి ఈ మార్పు ఎప్పుడొస్తుందో లెక్క కట్టాడు. గొట్టాల్లో రేనాల్డ్స్ నంబర్ సుమారు 2,000 దాటాక ఇక పొందిక ఉండదు. మన ఇళ్ల పైపుల్లో పారేది దాదాపు ఎప్పుడూ మెలికల పారుదలే.

ఆ రోజుల్లోనే మా బస్తీ మసీదులో ఒక తకరార్ నడుస్తోంది. వజూ ఖానాలో పన్నెండు నల్లాలు. జుమ్మా రోజు అన్నీ తెరిస్తే చివరి నాలుగింటిలో నీరు చుక్కలు చుక్కలుగా వస్తుంది. ముసల్లీలు క్యూలో నిలబడి ఉండగానే ఖుత్బా మొదలైపోయేది. కమిటీవాళ్లు టాంకీని ఇంకో మీటరు ఎత్తు లేపాలని ఫైసలా చేసి చందా మొదలుపెట్టారు. ఆ పిల్ల తండ్రి అక్కడే ఉన్నాడు. "టాంకీ ఊపర్ చడాయె తో క్యా హోతా సాబ్? పైపిచ్ పత్లా హై" అన్నాడు. టాంకీ ఎత్తు పెంచి ఏం లాభం, పైపే సన్నంగా ఉంది అని. కమిటీలో ఒక పెద్దమనిషి "నువ్వు ఇంజినీరువా?" అన్నాడు. ఆయన తల దించుకుని బద్నా తీసుకుని వజూకి వెళ్లిపోయాడు.

మర్నాడు నేను ఆ పిల్లకు ఇదే లెక్క ఇచ్చాను. తండ్రి మాట ఎత్తకుండా, ఒట్టి ప్రాబ్లంగా. టాంకీ నీటిమట్టం నల్లాల కంటే నాలుగు మీటర్లు పైన. ఒక అంగుళం పైపు. ఒకప్పుడు నాలుగు నల్లాలకు వేసింది, తర్వాత దానికే ఎనిమిది తగిలించారు. ఎత్తు అయిదు మీటర్లు చేస్తే ఏమవుతుంది? పైపు ఒకటిన్నర అంగుళం చేస్తే ఏమవుతుంది? జొహర్‌కీ అసర్‌కీ మధ్య మసీదు ఖాళీగా ఉన్నప్పుడు అబ్బాతో పాటు వెళ్లి కొలిచి రమ్మన్నాను. పది లీటర్ల బకెట్, ఫోన్‌లో స్టాప్‌వాచ్. అన్ని నల్లాలూ తెరిచి చివరి నల్లా కింద బకెట్ పెడితే నిండడానికి 200 సెకన్లు.

తర్వాత కాగితం మీద కూర్చుంది. పైపులో రాపిడి ఎక్కువగా ఉన్నప్పుడు పారే నీరు ఎత్తుకు వర్గమూలంగా పెరుగుతుంది. అయిదు బై నాలుగు, దాని వర్గమూలం 1.118. అంటే మీటరు ఎత్తు కట్టినందుకు దక్కేది 12 శాతం నీరు. పైపు వెడల్పుకైతే రెండున్నర ఘాతంగా పెరుగుతుంది. ఒకటిన్నరకు రెండున్నర ఘాతం 2.76. దాదాపు మూడింతలు! ఆమె మూడుసార్లు చేసింది. తర్వాత కాసేపు ఏమీ అనలేదు. "సర్, అబ్బా కరెక్ట్" అంది చివరికి. నేనన్నాను, "బేటా, మీ అబ్బా డార్సీ ఫార్ములా చదవలేదు, ముప్పై ఏళ్లుగా దాన్ని చేత్తో పట్టుకుని తిరుగుతున్నారు."

అసలు బెర్నూలీ 1738లో రాసిన పుస్తకం సారం ఒక్క ముక్కలో చెప్పాలంటే: ఎత్తు, దబావ్, వేగం, ఈ మూడింటి మధ్య నీరు తన ఎనర్జీని మార్చుకుంటుంది. పది మీటర్ల ఎత్తు నీరు ఒక బార్ దబావ్‌తో సమానం. రాపిడి లేకపోతే లెక్క ఖతం. రాపిడి ఉంది కాబట్టే ఇంజినీరు కావాలి. పైపు గోడలు గుంజుకున్న ఆ ఎనర్జీ ఎటుపోతుంది? ఆ పిల్లే అడిగింది ఈ ప్రశ్న. ఎక్కడికీ పోదు, హరారత్‌గా మారి నీటిలోనే కలుస్తుంది. అయిదు మీటర్ల నుంచి దిగిన నీటి శక్తి మొత్తం రాపిడికే పోయినా నీరు వేడెక్కేది డిగ్రీలో వందో వంతు. చేతికి తెలియదు, కానీ వెనక్కి రాదు. అత్తరు సీసా మళ్లీ గుర్తొచ్చిందా? ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో హెడ్ లాస్ అని, థర్మోడైనమిక్స్‌లో ఇర్రివర్సిబిలిటీ అని రెండు పేర్లు, సంగతి ఒకటే. రెండు సబ్జెక్టులు ఆ రోజు ఆమెకు ఒకటయ్యాయి.

ఆమె కాగితం పట్టుకుని కమిటీ దగ్గరికి నేను వెళ్లలేదు, తండ్రినే పంపాను. ఈసారి అడ్డు చెప్పలేకపోయారు. టాంకీ కట్టే ఖర్చులో మూడో వంతుతో పైపు మారింది. నల్లాల్లో, మలుపుల్లో పోయే నష్టం వల్ల లెక్కలో వచ్చినంత రాలేదు. అయినా 200 సెకన్ల బకెట్ 85 సెకన్లకు వచ్చింది, రెండింతల పైనే. ఆమె దాన్నే మినీ ప్రాజెక్టుగా రాసింది. షుక్రియా చెప్పే పేజీలో తండ్రి పేరు, దాని పక్కన 'ప్లంబర్' అని రాసింది. ఫ్లూయిడ్ మెకానిక్స్ ఈసారి పాసైంది. థర్మో ఇంకా ఉంది, మళ్లీ రాస్తోంది. రిష్తావాళ్లను "ఇంకో రెండేళ్లు" అని తండ్రే ఆపాడు. ఆ రెండేళ్లు చాలతాయని నా యకీన్.

ఈ మాట ఎందుకంటే, మన జల్సాల్లో ఇంకో రకం మాటలు ఎక్కువ వింటున్నాను. బాగ్దాద్‌లో బనూ మూసా సోదరులు తొమ్మిదో శతాబ్దంలోనే ఫౌంటెన్ల యంత్రాలు చేశారని, అల్-జజరీ 1206లోనే జంట సిలిండర్ల పంపు బొమ్మ గీశాడని. నిజమే, రెండూ నిజమే. ఫఖర్‌గా చెప్పుకోవలసిందే. కానీ అల్-జజరీ పేరు మీద చప్పట్లు కొట్టి, ఇంటికొస్తూ దారిలో కనబడిన ప్లంబర్‌ని "అరే నల్లావాలా" అని పిలిస్తే ఆ ఫఖర్ ఎందుకూ పనికిరాదు. అల్-జజరీ కూడా చేతులకు గ్రీజు అంటించుకున్నవాడే. మన గడ్డ మీదే చూడండి. మంజీరా మీద నిజాంసాగర్ కట్టించిన ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. 1931 నాటి ఆ ప్రాజెక్టు కాలువలు ఇవాళ్టికీ పొలాలు తడుపుతున్నాయి. ఆయన పుట్టిన జూలై 11ను తెలంగాణ ఇంజినీర్స్ డేగా జరుపుతున్నారు. మన పిల్లల్లో ఎంతమందికి ఆ పేరు తెలుసు?

చివరిగా బచ్చాలకు నాలుగు మాటలు. ఏ లెక్కైనా ముందు దహ్లీజ్ గీయండి, ఏది లోపలికి వస్తోంది, ఏది బయటికి పోతోంది బాణాలు వేయండి. సగం మార్కులు అక్కడే ఉంటాయి. దర్జాను కెల్విన్‌లోకి మార్చండి. దబావ్ విషయంలో పంక్చర్ దుకాణం గుర్తు పెట్టుకోండి: మీటరు 30 చూపిస్తే అది గాలి దబావ్ పైన 30. అసలు దబావ్ 44.7, గ్యాస్ లెక్కల్లో వాడవలసింది ఇదే. మీటరు సున్నా చూపినా టైరులో గాలి ఉంటుంది. యూనిట్లు ప్రతి లైనులో రాయండి. ఫార్ములా రట్టా కొట్టకండి, అది ఇంట్లో ఎక్కడ పని చేస్తోందో వెతకండి. మట్కా, కుక్కర్, ఫ్రిజ్, టాంకీ, అన్నీ మీ లేబొరేటరీయే, ఫీజు లేదు.

అబ్బాలకు ఒకే మాట. మీరు పనికి వెళ్లేటప్పుడు సెలవు రోజుల్లో బిడ్డను తీసుకెళ్లండి, కొడుకైనా కూతురైనా. గేజ్ ఎలా చదువుతారో, పైపు పట్టుకుని లోపల నీరు పారుతోందో లేదో ఎలా చెబుతారో, కంప్రెసర్ చప్పుడు విని జబ్బు ఎలా కనిపెడతారో చూపించండి. మీ దగ్గర ఉన్నది ఛోటా పని అనుకుని పిల్లలకు దాచకండి. వాళ్ల కితాబ్‌లో ఉన్నది అదే. సాయంత్రం వాళ్లు కితాబ్ తెరిచినప్పుడు పక్కన కూర్చుని "ఇది ఏమిటి బేటా?" అని అడగండి. వాళ్లు చెప్పేది మీకు సగం అర్థమవుతుంది, మీరు చెప్పేది వాళ్లకు మిగతా సగం అర్థం చేయిస్తుంది.